క్యాబేజీ తోటలో ఎర్రదీపం

లండన్ వెళ్లినవాళ్లు బిగ్‌బెన్ చూస్తారు, టవర్ బ్రిడ్జి మీద ఫొటో దిగుతారు, మైనపు బొమ్మల పక్కన నిలబడి నవ్వుతారు. నేనూ అవన్నీ చేశాను. కానీ ఊరికి తిరిగొచ్చాక ఎవరడిగినా చెప్పింది మాత్రం ట్వికెన్‌హామ్ గురించే. 'అక్కడేముంది?' అంటారు. ఒక పెద్ద ఆటస్థలం, దాని చుట్టూ ఎర్రిటుక ఇళ్ల పేట, కాస్త దూరంలో థేమ్స్ నది. అంతే! 2025 సెప్టెంబరు 27న ఆ ఆటస్థలంలో 81,885 మంది మధ్య కూర్చుని, ఆడపిల్లలు ఒకరినొకరు ఢీకొని కింద పడేసుకునే ఆట చూశాను. క్రికెట్‌లోనే ఎల్బీడబ్ల్యూ అంటే ఏమిటో ఇప్పటికీ సరిగా తెలియని దాన్ని. అలాంటిది, ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా చెల్లెలి కూతురు హౌన్స్‌లోలో ఉంటుంది. హీత్రూ విమానాశ్రయం దగ్గర మనవాళ్లు చాలామంది ఉండే పేట అది. వీధి చివర గోంగూర దొరుకుతుంది. తన కూతురికి పదమూడేళ్లు. ఆ పిల్ల ఆదివారం ఉదయం భరతనాట్యం క్లాసుకో తెలుగు బడికో వెళ్తుందనుకుంటే, మోకాళ్ల దాకా బురదతో ఇంటికొస్తోంది. రగ్బీ! అమ్మాయిల జట్టులో ఆడుతోందట.

నేను వెళ్లేసరికి ఆ ఇంట్లో చిన్న యుద్ధం నడుస్తోంది. అంతకు ముందు మార్చిలో పిల్ల తనకన్నా పొడుగైన అమ్మాయిని పట్టుకోబోయి, తల ఆ అమ్మాయి తుంటికి కొట్టుకుందట. స్పృహ తప్పలేదు, రక్తం రాలేదు. కానీ కార్లో కూర్చున్నాక 'మనం గెలిచామా అమ్మా?' అని అడిగిందట. చెప్పింది. అయిదు నిమిషాలకు మళ్లీ అదే ప్రశ్న. ఇంకాసేపటికి మళ్లీ. మూడోసారి అడిగేసరికి తల్లికి చేతులు వణికాయట. మెదడుకు కుదుపు తగలడం అంటే అదే, కంకషన్. 21 రోజులు పోటీలకు దూరంగా ఉంచారు. పిల్ల పూర్తిగా కోలుకుంది. కానీ కొత్త సీజన్‌కు తల్లి సంతకం పెట్టాల్సిన కాగితం మాత్రం ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద అలాగే వేలాడుతోంది.

'పెద్దమ్మా, నువ్వొచ్చి ఒకసారి చూడు. నేను చెబితే వినట్లేదు, నువ్వు చెబితే మానేస్తుంది' అంది తల్లి. పిల్ల ఒంటరిగా దొరకబుచ్చుకుని, 'అమ్మమ్మా, నువ్వొకసారి చూడు. చూశాక అమ్మకి నువ్వే చెబుతావు, ఆడనివ్వమని' అంది. ఇద్దరూ నన్నే నమ్ముకున్నారు. టిక్కెట్లు కూడా తెచ్చేశారు... మహిళల ప్రపంచ కప్ ఫైనల్‌కు!

టాటాల తోట, రూపాయల కప్పు

మ్యాచ్‌కు రెండు రోజుల ముందే పిల్లా నేనూ ట్వికెన్‌హామ్ చూడ్డానికి వెళ్లాం. హౌన్స్‌లో నుంచి 281 నంబరు బస్సు ఎక్కితే సరిపోతుంది. అక్కడివాళ్లు ఊరి పేరును 'ట్వికెనమ్' అన్నట్లు పలుకుతారు. 'హామ్' అంటే నన్ను చూసి పిల్ల నవ్వింది.

స్టేడియాన్ని అక్కడి పాతవాళ్లు ముద్దుగా 'క్యాబేజీ తోట' అంటారు. నిజంగానే ఒకప్పుడు అది క్యాబేజీలు పండించిన నేల. 1907లో పదెకరాల పైచిలుకు స్థలాన్ని సుమారు అయిదున్నర వేల పౌండ్లకు రగ్బీ సంఘం కొన్నది. 1909లో అక్కడ మొదటి మ్యాచ్ జరిగింది. రైల్వే స్టేషను దగ్గర ఆ పేరుతోనే ఒక పబ్బు కూడా ఉంది. ఇప్పుడు అక్కడ 82 వేల మంది కూర్చునే కాంక్రీటు కోట లేచింది. 2024 నుంచి దాని పేరు అలియాంజ్ స్టేడియం అయినా, బస్సులో ఎవరి నోటా ఆ పేరు వినబడలేదు.

స్టేడియంలోనే ప్రపంచ రగ్బీ మ్యూజియం ఉంది. అక్కడ నన్ను ఆకట్టుకున్నది కలకత్తా కప్పు కథ. పంతొమ్మిదో శతాబ్దంలో కలకత్తాలో ఉన్న ఇంగ్లిషువాళ్లు ఒక ఆటల క్లబ్బు పెట్టుకున్నారు. కొన్నేళ్లకు అది మూతబడింది. బ్యాంకులో మిగిలిన సొమ్మును వెండి రూపాయల రూపంలో తీసుకుని, వాటిని కరిగించి, 1878లో ఒక కప్పు చేయించి ఇంగ్లండుకు ఇచ్చేశారు. మూడు పిడులూ మూడు తాచుపాములు, మూత మీద ఏనుగు. ఇంగ్లండు, స్కాట్లాండు మగవాళ్ల జట్లు నేటికీ పోటీపడేది దానికోసమే. మన రూపాయలతో వాళ్ల కప్పు! 'ఇది మనకి తిరిగిచ్చేయాలి కదా అమ్మమ్మా' అంది పిల్ల. కోహినూర్ సంగతి తేలాక దీని సంగతి చూద్దామన్నాను.

అక్కడి నుంచి నది వైపు నడిస్తే యార్క్ హౌస్ వస్తుంది. ఇప్పుడది అక్కడి పురపాలక కార్యాలయం. కానీ 1906లో దాన్ని కొన్నది మన సర్ రతన్ టాటా! ఈ మధ్య కన్నుమూసిన రతన్ టాటా కాదు, జంషెడ్జీ చిన్న కొడుకు, వరసకు ఆయనకు తాత. నది ఒడ్డున తోట వేయించి, దాంట్లో రాళ్ల గుట్ట మీద నుంచి నీళ్లు జారేలా కట్టించి, పాలరాతి అప్సరసలను పెట్టించాడు. విగ్రహాలకు బట్టల్లేవు. మనవరాలిని పక్కన పెట్టుకుని చూడ్డానికి నేను కాస్త మొహమాటపడ్డాను. తను మాత్రం గుట్ట పైకి ఎగబాకుతున్న ఒక విగ్రహాన్ని చూపించి, 'ఆమెకి నెక్ స్ట్రాంగ్‌గా ఉంది, ప్రాప్‌గా పనికొస్తుంది' అంది. ప్రాప్ అంటే రగ్బీలో ముందు వరసలో భుజాలతో తోసే బలమైన ఆటగత్తె. ఆ పిల్లకు ప్రపంచమంతా రగ్బీలాగే కనిపిస్తోంది.

మెడ సంగతి తను ఊరికే అనలేదని తరవాత అర్థమైంది.

మన కబడ్డీలాంటిదే, కానీ...

రగ్బీ తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్పాలంటే, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని అవతలి గీత దాకా పరిగెత్తాలి. జట్టుకు 15 మంది, 80 నిమిషాలు. బంతిని చేత్తో ముందుకు విసరకూడదు, వెనక్కో పక్కకో అందించాలి. బంతి పట్టుకుని వస్తున్నవాళ్లను ఎదుటి జట్టు చేతులతో చుట్టేసి పడగొట్టడమే ట్యాకిల్. మన కబడ్డీలో కూతకొచ్చినవాణ్ని పట్టేసినట్లే. అయితే కబడ్డీలో కూతగాడు అంత చిన్న కోర్టులో ఎంతని పరిగెత్తగలడు? ఇక్కడ బంతి తెచ్చేవాళ్లు ముప్ఫై నలభై గజాలు పరిగెత్తి ఆ ఊపులోనే వస్తారు. పట్టేవాళ్లు కూడా ఎదురు పరిగెడతారు. హెల్మెట్టు ఉండదు. కొందరు పెట్టుకునే మెత్తటి టోపీ చెవులకూ చర్మానికీ రక్షణ తప్ప, లోపలి కుదుపును ఆపలేదు.

దెబ్బ ఎక్కువగా ఎవరికి తగులుతుంది? పడేవాళ్లకే అనుకున్నాను. కాదట! 2017లో వెలువడ్డ ఒక పరిశోధనలో మగవాళ్ల పెద్దస్థాయి మ్యాచ్‌లు 1,516 తీసుకుని, తలకు దెబ్బ తగిలిందేమోనని ఆటగాణ్ని పరీక్షించాల్సి వచ్చిన 611 సందర్భాల వీడియోలు చూశారు. వాటిలో 464, అంటే 76 శాతం ట్యాకిల్ దగ్గరే జరిగాయి. ఆ 464లో 335 సార్లు దెబ్బ తగిలింది పట్టుకోబోయినవాళ్లకే! నిటారుగా నిలబడి పట్టబోయినవాళ్లకు ప్రమాదం ఎక్కువ, నడుం వంచి కిందికి పట్టినవాళ్లకు తక్కువ. తలా తలా ఒకే ఎత్తులో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు ఢీకొనక తప్పదు కదా.

మా ఊళ్లో కబడ్డీ ఆడే మగపిల్లలకు పెద్దవాళ్లు చెప్పే మొదటి మాట 'చొక్కా కాదురా, కాలు పట్టు' అని. ఏ పరిశోధనా లేకుండానే.

ఆ పిల్లకు తగిలిన దెబ్బ కూడా అలాంటిదే. పట్టబోయింది తనే. ఎత్తు సరిగ్గానే ఉందట, కానీ తల తప్పు వైపు పెట్టింది.

వంద సెంటీమీటర్ల తేడాతో పోయిన కప్పు

వంద కాదులెండి, ఇరవయ్యో ముప్ఫయ్యో. 2022 నవంబరు 12న న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో అంతకు ముందు ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. వరసగా 30 మ్యాచ్‌లు గెలిచిన ఇంగ్లండు బరిలోకి దిగింది. ఆట 18వ నిమిషంలో ఇంగ్లండు అమ్మాయి లిడియా థాంప్సన్, న్యూజిలాండ్ అమ్మాయి పోర్షియా వుడ్‌మన్‌ను ఆపడానికి వెళ్లింది. నడుం వంచలేదు. తలలు రెండూ ఢీకొన్నాయి. వుడ్‌మన్ మళ్లీ ఆటలోకి రాలేదు. థాంప్సన్‌కు ఎర్రకార్డు చూపించారు. మిగిలిన గంట పైగా ఇంగ్లండు 14 మందితోనే ఆడింది. 34-31తో ఓడిపోయింది.

ఆ అమ్మాయి కావాలని చేసిందని ఎవరూ అనలేదు. కావాలని చేసిందా లేదా అన్నది నియమానికి అక్కర్లేదు కూడా. తలకు తగిలితే శిక్ష పడుతుంది. ఇది అన్యాయమని మా పిల్ల వాదిస్తుంది. నాకు మాత్రం అది న్యాయంగానే తోచింది. రెడ్ సిగ్నల్ దాటినవాడు 'కావాలని దాటలేదండీ' అంటే ఏం లాభం?

2023 నుంచి ఇంగ్లండులో ఊళ్ల క్లబ్బుల్లో, బడుల్లో ట్యాకిల్ ఎత్తు ఇంకా తగ్గించారు. రొమ్ము ఎముక కింది అంచుకు దిగువనే పట్టాలి. అంతర్జాతీయ పోటీల్లో మాత్రం 2025 ప్రపంచ కప్పులో కూడా భుజాల గీతే హద్దు. చిన్నవాళ్లకో నియమం, డబ్బు తీసుకుని ఆడేవాళ్లకో నియమం. ఇది నాకు మింగుడుపడలేదు.

నోట్లో ఎర్రదీపం

ఈ ప్రపంచ కప్పులో కొత్తగా వచ్చిన వస్తువు ఒకటుంది. పళ్లకు తొడుక్కునే మౌత్‌గార్డ్. పాతకాలంలో అది రబ్బరు ముక్క. ఇప్పుడు దాంట్లో కుదుపును కొలిచే సెన్సర్లు ఉంటాయి. పళ్లు పుర్రెకు గట్టిగా అతుక్కుని ఉంటాయి కాబట్టి, పళ్ల మీద కొలిస్తే తల ఎంత కుదుపుకు లోనైందో తెలుస్తుందన్నమాట. ఆ లెక్క గట్టున కూర్చున్న డాక్టరు చేతిలోని ట్యాబ్‌కు వెళ్తుంది. 2023 అక్టోబరులో మహిళల టోర్నీలోనే ఇది మొదలైంది, 2024 నుంచి పెద్దస్థాయి ఆటంతటికీ వచ్చింది. 2025 మహిళల ప్రపంచ కప్పులో దానికి ఎర్రదీపం కూడా జోడించారు. హద్దు దాటిన కుదుపు తగిలితే నోట్లో ఎర్రగా మిణుకుమంటుంది. అది చూసి రిఫరీ ఆట ఆపొచ్చు, పక్కనున్న అమ్మాయి చెయ్యెత్తి చూపొచ్చు.

ఆ హద్దు ఎంతో తెలుసా? మగవాళ్లకు 75 'జి', ఆడవాళ్లకు 65 'జి'. 'జి' అంటే భూమ్యాకర్షణ. మనం ఎక్కిన ఆటోవాడు గేదె అడ్డొచ్చిందని గట్టిగా బ్రేకు కొడితే ముందు కడ్డీకి గుద్దుకుంటామే, ఆ బ్రేకులో ఒక్క 'జి' కూడా ఉండదు. 65 'జి' ఉండేది సెకనులో వెయ్యో వంతులు లెక్కపెట్టేంత సేపే కావచ్చు, కానీ మెదడుకు అది చాలు. తల గిరుక్కున తిరిగే వేగానికి వేరే హద్దు ఉంది. నిజానికి తిన్నగా తగిలే దెబ్బ కన్నా ఆ తిరగడమే ఎక్కువ చేటట. గిన్నెలో పెరుగు పెట్టి గబుక్కున తిప్పితే గిన్నె తిరుగుతుంది, పెరుగు వెనకబడి చీలుతుంది. మెదడులోని సన్నటి నరాల తీగలు సాగి తెగేది అలాగే.

దీపం వెలిగితే కంకషన్ అయినట్లు కాదు. పరీక్ష చేయాలని అర్థం. ఆమెను బయటికి తీసుకెళ్లి పన్నెండు నిమిషాలు పరీక్షిస్తారు. కొన్ని మాటలు చెప్పి మళ్లీ చెప్పమంటారు, అంకెలు చెప్పి వెనక నుంచి చెప్పమంటారు, గీత మీద నడిపిస్తారు. ఆ లోపు వేరే అమ్మాయి ఆడుతుంది. మ్యాచ్ అయ్యాక ఒకసారి, ఒకటిన్నర రెండు రోజులకు ఇంకోసారి మళ్లీ పరీక్ష. అలాగే దీపం వెలగలేదని ఏమీ కానట్లూ కాదు. కొందరికి చిన్న కుదుపుకే కంకషన్ రావచ్చు.

ఆడవాళ్ల హద్దు తక్కువెందుకు? మ్యూజియం నుంచి వచ్చిన రాత్రి మా చెల్లెలి కూతురు తను పోగుచేసుకున్న కాగితాలన్నీ నా ముందు పెట్టింది. పిల్ల తల్లి కదా, ఆర్నెల్లుగా చదువుతూనే ఉంది. వేల్స్‌లోని స్వాన్సీ విశ్వవిద్యాలయంవాళ్లు విద్యార్థి జట్లకు ఈ మౌత్‌గార్డులే పెట్టి చూశారు. అమ్మాయిల మెడ బలం అబ్బాయిల కన్నా 47 శాతం తక్కువ. అమ్మాయిల తలకు తగిలిన కుదుపుల్లో సగం దాకా మెడ పట్టు తప్పి తల కొరడాలా విసురుకోవడం వల్ల వచ్చినవే. పడేటప్పుడు ఒళ్లు నేలకు తగులుతుంది, ఆ వెంటనే తల వెనక్కి విసురుకుని నేలను తాకుతుంది. అబ్బాయిల్లో ఇలాంటివి దాదాపు లేవు. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంవాళ్లు 2018లో ఇంకో సంగతి చెప్పారు. ఆడవాళ్ల మెదడులోని నరాల తీగలు మగవాళ్లవాటి కన్నా సన్నగా ఉంటాయి, వాటిని లోపల నిలబెట్టే సన్నటి గొట్టాలూ తక్కువే. అందుకే అంతే సాగుడుకు ఎక్కువ దెబ్బతింటాయట.

'అంటే ఆడపిల్లలు ఆడకూడదనా?' అంది పిల్ల గుమ్మంలో నిలబడి. పడుకుందనుకున్నాం. వింటూనే ఉంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర తయారుగా జవాబు లేదు. నా చిన్నప్పుడు 'పుష్పవతి అయిన పిల్లకు తొక్కుడుబిళ్ల ఏమిటి' అని మా నాయనమ్మ ఆపేసింది. ఆమె కూడా నా ఆరోగ్యం కోసమే అంది.

కాగితాల్లో ఇంకో మాట కూడా ఉంది, అది ఒంటికి సంబంధించింది కాదు. ఇంగ్లండులో మగపిల్లలు చాలామంది చిన్నతనం నుంచే ట్యాకిల్ నేర్చుకుంటూ పెరుగుతారు. అమ్మాయిలు చాలామంది కాలేజీకొచ్చాకో, నెట్‌బాల్ నుంచో పరుగు పందాల నుంచో ఇటు వచ్చినవాళ్లు. ఎలా పడాలో పదేళ్లప్పుడు నేర్చుకోవడం వేరు, ఇరవై ఏళ్లకు నేర్చుకోవడం వేరు. ఆ కొరత ప్రకృతి పెట్టింది కాదు, పట్టించుకోకపోవడం పెట్టింది.

వోడ్కా అమ్ముకుని వచ్చిన జట్టు

ఆడవాళ్ల మొదటి ప్రపంచ కప్ 1991లో వేల్స్‌లో జరిగింది. సోవియట్ జట్టు చేతిలో డబ్బు లేకుండా వచ్చి, తెచ్చుకున్న వోడ్కా సీసాలు, బొమ్మలు అమ్ముకుని ఖర్చులు వెళ్లదీసుకోబోయి కస్టమ్స్‌వాళ్ల కంట్లో పడింది! అమెరికా గెలిచింది. 2019లో కానీ ఇంగ్లండు తన అమ్మాయిల్లో 28 మందికి పూర్తికాలపు జీతాలు ఇవ్వలేదు. 2025 ఫైనల్ దాకా వచ్చిన కెనడా జట్టువాళ్లు అందుకోసం జనం దగ్గర పది లక్షల డాలర్ల చందా అడగాల్సి వచ్చింది.

జీతం వచ్చాక ఒంట్లో బలం వస్తుంది, వేగం పెరుగుతుంది. ఢీకొట్టుడూ గట్టిదవుతుంది. ఇంగ్లండులో పెద్దస్థాయి ఆడవాళ్ల మ్యాచ్‌ల గాయాల లెక్కల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తున్నది కంకషనే. అయితే జీతంతో పాటు డాక్టరూ వస్తాడు, మౌత్‌గార్డూ వస్తుంది, 'నాకేం కాలేదు' అన్నా బయటికి లాగే మనిషీ వస్తాడు.

ఆ లాగే మనిషి లేని రోజుల్లో ఏమైందో తెలిసినవాళ్లున్నారు. 2003లో ఇంగ్లండుకు మగవాళ్ల ప్రపంచ కప్ గెలిచిపెట్టిన స్టీవ్ థాంప్సన్‌కు నలభై రెండేళ్లకే మతిమరుపు జబ్బు వచ్చింది. కప్పు గెలిచినట్లే తనకు గుర్తు లేదంటాడు. 2014లో కప్పు గెలిచిన ఇంగ్లండు జట్టులోని కాట్ మర్చంట్ వరస కంకషన్ల వల్ల డాక్టర్ల సలహాతో అదే ఏడాది ఆట మానేసింది. ఆస్ట్రేలియాలో రగ్బీ కాకపోయినా అలాంటి ఢీకొట్టుడే ఉండే వాళ్ల దేశపు ఫుట్‌బాల్ ఆడిన హెదర్ ఆండర్సన్ 2022లో 28వ ఏట చనిపోయింది. ఏళ్ల తరబడి తగిలిన కుదుపుల వల్ల వచ్చే సీటీఈ అనే మెదడు జబ్బు ఆమెకు ఉందని 2023లో తేల్చారు. ఆడ క్రీడాకారుల్లో అలా తేలిన మొదటి మనిషి ఆమె. ఆ జబ్బును చనిపోయాకే కచ్చితంగా గుర్తించగలరు.

ఆ మాట చదివి మా చెల్లెలి కూతురు కాగితాలు మూసేసింది.

ఎనభై నిమిషాలు

శనివారం మధ్యాహ్నం నాలుగింటికి ఆట. రోడ్లు మూసేశారు. బస్సు దిగి చాలా దూరం నడిచాం. ఎక్కడ చూసినా అమ్మాయిలు... బుగ్గల మీద ఎర్ర శిలువలు, జడలకు రిబ్బన్లు, నాన్నల భుజాల మీద చంటిపిల్లలు. మన తిరునాళ్లలో ఉన్నట్లే ఉంది. తోపులాట మాత్రం లేదు. తోపులాటంతా లోపల పెట్టుకున్నారు.

మా సీట్లు బాగా పైన. అక్కడి నుంచి నోట్లో వెలిగే దీపం కనబడదు. కానీ ఢీకొన్న చప్పుడు మాత్రం వినబడుతుంది! ఎనభై వేల మంది అరుస్తున్నా, మధ్యలో ఒక్క క్షణం సద్దుమణిగినప్పుడు 'దబ్' మని వస్తుంది, ఎత్తు నుంచి బియ్యం బస్తా పడ్డట్లు. మొదట్లో ప్రతిసారీ కళ్లు మూసుకున్నాను. తరవాత తెరిచే చూశాను.

మొదట గీత దాటింది కెనడా అమ్మాయి. కాసేపటికే ఇంగ్లండు ఎల్లీ కిల్డన్ బంతి అందుకుని, ఇటూ అటూ ముగ్గురు నలుగురిని తప్పించుకుంటూ వెళ్లిపోయింది. ఎవరి చేతికీ చిక్కలేదు. ఆ అమ్మాయి గురించి పిల్ల ముందే చెప్పింది. టోర్నీలో తలకు దెబ్బ తగిలి, క్వార్టర్ ఫైనల్‌లో ఆడనివ్వలేదట. అంత పెద్ద మ్యాచ్‌కు అంత పెద్ద ఆటగత్తెను కూర్చోబెట్టారు. సెమీస్‌కు వచ్చి రెండుసార్లు గీత దాటింది. ఇప్పుడు ఇది. 'చూశావా అమ్మా, కూర్చోబెడితే ఏమీ పోలేదు' అంది పిల్ల. తల్లి బదులు పలకలేదు. కానీ ఆ అమ్మాయి పడ్డప్పుడల్లా తను నా చెయ్యి పట్టుకోవడం గమనించాను. లేచి నిలబడేదాకా వదిలేది కాదు.

సాడియా కబేయా అనే అమ్మాయిని మాత్రం మరిచిపోలేను. మ్యాచ్‌లో ఉత్తమ క్రీడాకారిణి ఆమే. ఎదురొస్తున్నవాళ్ల తొడల దగ్గరికి వంగి, చేతులు చుట్టి, పక్కకు దొర్లి, మళ్లీ లేచేది. మా ఊరి కబడ్డీ కుర్రాళ్లు చూస్తే ఈల వేసేవాళ్లు. ఇంగ్లండు 33-13తో గెలిచింది. మహిళల కప్పులో అది వాళ్లకు మూడోది. పిల్ల ఏడ్చేసింది. నాకూ ఎందుకో గొంతు పట్టేసింది. మన జట్టు కూడా కాదు!

మన జట్టూ ఉంది సుమా. భారత మహిళలు పదిహేనుమంది ఆటలో మొదటి అంతర్జాతీయ మ్యాచ్ 2018లో సింగపూర్‌లో ఆడారు. మరుసటి ఏడాది మనీలాలో ఆ సింగపూర్ మీదే మొదటిసారి గెలిచారు. 2025లో ముంబయిలో మగవాళ్ల రగ్బీ లీగ్ జరిగితే దాంట్లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టూ ఉంది. రేపు మన పేటల్లోనూ అమ్మాయిలు ఆడతారు. అప్పుడు గట్టున డాక్టరు ఉంటాడా, కనీసం 'ఇవాళ్టికి చాలు, కూర్చో' అనే టీచరు ఉంటుందా అన్నదే నా బెంగ.

తిరిగొచ్చే బస్సులో పిల్ల నాకు కంకషన్ పరీక్ష పెట్టింది. అయిదు మాటలు చెప్పి మళ్లీ అడిగింది, మూడు చెప్పాను. అంకెలు వెనక నుంచి చెప్పమంది, నాలుగో అంకెకే తడబడ్డాను. 'అమ్మమ్మా, నువ్వు ఫెయిల్. 21 రోజులు ఆడకూడదు' అని తేల్చేసింది. బస్సులో ముందు సీట్లో ఉన్న తెల్లాయన కూడా నవ్వాడు.

ఆదివారం ఉదయం

మర్నాడు తల్లి తనంతట తనే కారు తీసింది. 'ఆడించడానికి కాదు, ఎలా నేర్పుతారో చూస్తాను' అంది.

పచ్చిక ఇంకా తడిగా ఉంది. ఇరవై మంది దాకా పిల్లలు. మొదటి పావుగంట బంతే లేదు. ఒంటికాలి మీద నిలబడటం, గెంతి మెత్తగా దిగడం, జంటలుగా నిలబడి ఒకరి నుదుటి మీద ఒకరు అరచెయ్యి పెట్టి తోస్తుంటే మెడ కదలకుండా ఆపడం. ఇలాంటి కసరత్తులతో ఇంగ్లండు బడుల్లో మగపిల్లల మీద ఒక పరిశోధన చేసి, వారానికి మూడుసార్లు చేసిన జట్లలో కంకషన్లు 59 శాతం తగ్గాయని 2017లో తేల్చారు. అమ్మాయిల కోచ్ ఒక్క కసరత్తు కూడా వదలకుండా చేయించింది.

తరవాత ట్యాకిల్. అందరూ మోకాళ్ల మీద కూర్చున్నారు. ఎదుటి పిల్ల మెల్లగా నడిచొస్తుంది. చూపు ఆమె తొడ మీద ఉండాలి, తల ఆమె వెనక వైపుకు వెళ్లాలి, బుగ్గ ఆమె పిరుదుకు ఆనాలి, చేతులు చుట్టాలి, పక్కకు దొర్లాలి. మోకాళ్ల మీద బాగా వచ్చాక నడుస్తూ, అదీ వచ్చాక పరిగెత్తుతూ. పడేవాళ్లకు కూడా పాఠం ఉంది. గడ్డం ఛాతీకి ఆనించుకుని, బంతిని హత్తుకుని, భుజం మీద దొర్లాలి. తల చివరిదాకా నేలను తాకకూడదు. మా పిల్ల రెండుసార్లు తల ముందుకు పెట్టింది. రెండుసార్లూ కోచ్ ఈల ఊది ఆపి, మళ్లీ మోకాళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టించింది.

మా చెల్లెలి కూతురు గట్టు మీద నిలబడి అంతా చూసింది. చివర్లో కోచ్ దగ్గరికి వెళ్లి చాలాసేపు మాట్లాడింది. మ్యాచ్ రోజు కంకషన్ గుర్తించడం నేర్చుకున్న మనిషి గట్టున ఎవరుంటారు, పిల్ల 'బాగున్నాను' అంటే నమ్మేస్తారా అని రెండే ప్రశ్నలు అడిగిందట. కోచ్ ఏం చెప్పిందో నాకు పూర్తిగా చెప్పలేదు. ఆ శిక్షణ తల్లిదండ్రులకు కూడా ఉందనీ, నేర్చుకుంటారా అని అడిగారనీ మాత్రం అంది.

నేను విమానం ఎక్కే రోజున ఫ్రిజ్ మీద కాగితం లేదు. దాని చోట ఇంకోటి ఉంది. ఆ శిక్షణకు తల్లి పేరు రాసి ఇవ్వాల్సిన ఫారం.